బైపోలార్ జబ్బు – మెదడులో ఏం జరుగుతుంది?

కొన్నాళ్లు నిద్ర లేకున్నా అలుపెరుగని హుషారు, పెద్ద పెద్ద మాటలు, విపరీతమైన ఖర్చు. మరికొన్నాళ్లు మంచం దిగలేనంత దిగులు. ఇది గాలి సోకడం కాదు, పొగరూ కాదు. బైపోలార్ అనే మెదడు జబ్బు.

మెదడు లోపలి భాగాల్లో పుట్టే ఉద్వేగాలను నుదుటి వెనుక ఉన్న భాగం అదుపు చేస్తుంది. ఈ జబ్బులో ఆ అదుపు తప్పుతుంది. నిద్ర చెడితే మరింత ముదురుతుంది.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియంతో ఉద్రేకం తగ్గుతుందని చూపారు. నేటికీ అది ముఖ్యమైన మందు.

జ్ఞాపకముంచుకోండి:

1. నెమ్మదించిందని మాత్రలు మీ అంతట మీరు మానకండి. జబ్బు తిరగబెడుతుంది.

2. లిథియం వాడేవారు డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. వాంతులు, విరేచనాలయితే వెంటనే ఆసుపత్రికి రండి. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందే విషం కావచ్చు.

3. చావు మాట ఎత్తితే రోగిని ఒంటరిగా వదలకండి.