రంగూన్ చౌక్తడాలోని మనవరాలికి

విశాఖపట్నం, బర్మా క్యాంపు



నీ ఉత్తరం అందింది. మీ వీధి టైలరు గారికి మలంలో రక్తం పడుతుంటే వేడి చేసిందనీ, మొలలనీ చాలాకాలం ఏవేవో మందులు వాడారనీ, చివరికి ముక్క తీసి పరీక్ష చేస్తే పురీషనాళంలో క్యాన్సర్ తేలిందనీ రాశావు. కొడుకులు చౌక్తడాలో ఉన్న ఒక్క ఫ్లాటూ అమ్మి బ్యాంకాక్ తీసుకెళ్దామంటున్నారు. ఆయనేమో ఇల్లు అమ్మేటట్టయితే అసలు వైద్యమే వద్దంటున్నారు. అక్కడి మన తెలుగు సంఘం పెద్దలు నిన్ను పిలిచి తక్కువ ఖర్చులో దారి చూడమన్నారు. ఇలాంటి పనిలోకి నువ్వు దిగడం ఇదే మొదలు కనుక కాస్త వివరంగానే రాస్తాను. రేపు ఇంకొకరు వస్తారు, అప్పుడూ పనికొస్తుంది.

వాళ్లంతా ఏ ఊరు, ఎంత ఖర్చు అనే దగ్గర మొదలుపెట్టారు. నువ్వు అక్కడ మొదలుపెట్టకు. ఈ జబ్బులో ఇళ్లు అమ్ముడుపోవడానికి ఆసుపత్రి బిల్లు ఎంత కారణమో, వైద్యం వరస తప్పడం అంతకన్నా పెద్ద కారణం. ఇక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ దగ్గర మందుల షాపు నడిపినన్నాళ్లూ నేను చూసింది అదే. స్కానింగు సరిగ్గా తీయకుండా, తక్కువలో అయిపోతుందని ఎక్కడో తొందరపడి కోయించుకునేవాళ్లు. కొన్నాళ్లకు అదే చోట జబ్బు తిరగబెట్టి, పెద్దాసుపత్రి చీటీ పట్టుకుని నా కౌంటరు ముందు నిలబడేవాళ్లు. రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం, ఖర్చు ఎక్కువ, ఆశ తక్కువ.

ఎందుకలా అవుతుందో నీకు తెలియాలి. పురీషనాళం అంటే పెద్దపేగు చివర ఉండే సుమారు 15 సెంటీమీటర్ల భాగం. కటి ఎముకల మధ్య ఇరుకైన చోట, మగవాళ్లలో మూత్రాశయాన్నీ ప్రోస్టేట్‌నూ ఆడవాళ్లలో గర్భసంచినీ ఆనుకుని ఉంటుంది. చుట్టూ కొవ్వు పొర, అందులో లింఫ్ గ్రంథులు. గడ్డను మాత్రమే తీసి ఆ పొరలో కొంత వదిలేస్తే జబ్బు అక్కడే మళ్లీ లేస్తుంది. ఇంగ్లండ్‌లో బిల్ హీల్డ్ అనే సర్జన్ ఆ కొవ్వు పొరను చిరగకుండా మొత్తంగా తీయాలని 1982లో రాశాడు. ఇవాళ ప్రపంచమంతా అదే పద్ధతి. గడ్డ ఆ పొర అంచుకు ఎంత దగ్గరగా ఉందో ముందే చెప్పగలిగేది కటిభాగపు ఎంఆర్‌ఐ. దాని బదులు పొట్ట అల్ట్రాసౌండ్ చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఎక్కడ డబ్బు మిగుల్చుకున్నా ఈ ఒక్క ఎంఆర్‌ఐ దగ్గర మిగుల్చుకోకూడదు. దానితోపాటు ఛాతీకీ పొట్టకూ సీటీ, పేగు మొత్తం చూసే కొలనోస్కోపీ, సీఈఏ అనే రక్తపరీక్ష. ఇవన్నీ రంగూన్‌లోనే చేయించవచ్చు. వీటిలో ఏది మిగిలిపోయిందో ముందు చూడు.

ఎంఆర్‌ఐలో గడ్డ పైపైనే ఉందని తేలితే నేరుగా ఆపరేషన్. పేగు గోడ దాటి లోతుకు పోయినా, గ్రంథుల్లోకి పాకినా మామూలుగా రేడియేషన్, కీమో ముందు, ఆపరేషన్ తర్వాత. రేడియేషన్‌లో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఐదు వారాలకు పైగా, 25 నుంచి 28 సిట్టింగులు, దాంతోపాటు కేపసిటబిన్ మాత్రలు. ఇంకొకటి ఐదంటే ఐదే సిట్టింగులు, ఒక్క వారం. పరాయి దేశంలో గది అద్దెకు తీసుకుని, తోడుగా వచ్చినవాళ్లు పని మానుకుని కూర్చునే కుటుంబానికి ఐదు వారాలకూ ఒక్క వారానికీ తేడా ఎంతో వేరే చెప్పాలా? అయితే పొట్టిది అందరికీ పొసగదు. ఐదు రోజుల రేడియేషన్ తర్వాత కీమో ఇచ్చి, ఆపైన ఆపరేషన్ చేసే పద్ధతిని పరీక్షించిన రాపిడో అధ్యయనం 2020లో వెలువడింది. జబ్బు దూరపు అవయవాలకు పాకడం తగ్గిందని అప్పుడు తేలింది. ఐదేళ్లు గమనించాక చూస్తే, పాత చోటనే తిరగబెట్టడం ఈ పద్ధతిలో వైద్యం పొందినవాళ్లలో కొంచెం ఎక్కువగా ఉంది. కాబట్టి ఏది మంచిదో డాక్టరే చెప్పాలి. కానీ “మా ఆయనకు పొట్టి కోర్సు సరిపోతుందా?” అని నోరు తెరిచి అడగాల్సింది మనం. చాలామంది అడగరు.

ఇక్కడే ఖర్చు తగ్గే అసలు కీలకం ఉంది. రేడియేషన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య కొన్ని వారాలు, కొన్నిసార్లు నెలలు ఎడం ఉంటుంది. ఆ మధ్యకాలమంతా పరాయి ఊళ్లో గడపక్కర్లేదు. కీమో చీటీ పెద్దాసుపత్రి డాక్టరు రాస్తే, రంగూన్‌లో క్యాన్సర్ డాక్టరు ఒకరు ఆ చీటీ ప్రకారం రక్తపరీక్షలు చూస్తూ ఇవ్వగలరేమో మొదటి రోజే ఇద్దరినీ అడుగు. ఎంఆర్‌ఐ చదివి నిర్ణయం తీసుకోవడం, రేడియేషన్, ఆపరేషన్: ఈ మూడే పెద్దచోట జరగాల్సినవి. మిగతావి ఇంటి దగ్గర. మాత్రలు వాడేటప్పుడు విరేచనాలు పట్టుకున్నా, అరిచేతులు ఎర్రబడి మండినా ఆ రోజే డాక్టరుకు ఫోను చేయాలి. కోర్సు పూర్తి చేయాలన్న పట్టుదలతో మింగుతూ పోకూడదు.

రేడియేషన్, కీమోలతోనే గడ్డ పూర్తిగా కరిగిపోతే ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉండే పద్ధతీ ఉంది. బ్రెజిల్‌లో ఏంజెలిటా హబ్ర్-గామా అనే సర్జన్ దీన్ని ప్రపంచం దృష్టికి తెచ్చింది. ఆపరేషన్ ఖర్చు తప్పుతుందని టైలరు గారి కొడుకులు దీనికి ఎగబడతారు, చూడు. మొదటి రెండు మూడేళ్లు కొన్ని నెలలకోసారి గొట్టం పరీక్ష, ఎంఆర్‌ఐ తప్పవు. ప్రతిసారీ వీసా, విమానం. అన్నిసార్లు రాలేనివాళ్లకు ఇది చౌక వైద్యం కాదు, ప్రమాదం.

ఇప్పుడు ఊరి సంగతి. మొదట రంగూన్ జనరల్ హాస్పిటల్. తెల్లవాళ్ల కాలంలో కట్టిన ఆ ఎర్ర ఇటుకల భవనం మీకు నడిచి వెళ్లే దూరమే. అక్కడ రేడియేషన్ విభాగం ఉంది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఎంతోమంది డాక్టర్లు, నర్సులు ప్రభుత్వ కొలువులు వదిలేశారు, ఉన్నవాళ్ల మీద భారం పెరిగింది. అయినా ముందు అక్కడ అడగకుండా దేశం దాటవద్దు. రేడియేషన్‌కు ఎప్పటికి తేదీ ఇస్తారో కనుక్కో. అది దగ్గర్లో ఉంటే సగం సమస్య తీరినట్టే.

దాటక తప్పకపోతే నా ఓటు విశాఖకే. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 1941లో ముంబైలో తెరిచిన టాటా మెమోరియల్‌కు ఇది అనుబంధం, నడిపేది భారత అణుశక్తి శాఖ. హైదరాబాదులో ప్రభుత్వానిది ఎంఎన్‌జే, ట్రస్టుది 2000లో మొదలైన బసవతారకం. మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో స్థాపించిన అడయార్ ఇన్‌స్టిట్యూట్. విమానం కోల్‌కతాలోనే దిగేటట్టయితే అక్కడి టాటా మెడికల్ సెంటర్ కూడా చూడదగ్గదే. అన్నీ లాభాపేక్ష లేనివే. విశాఖ అని నేను పట్టుబట్టేది ఊరి మీద మమకారంతో మాత్రమే కాదు. మలవిసర్జన సంగతులు, మగతనం సంగతులు ఈ జబ్బులో రోజూ మాట్లాడాల్సి వస్తుంది. టైలరు గారు వాటిని దుభాషి ద్వారా చెప్పుకోలేరు. తెలుగులో నర్సు చెవిలో చెప్పుకుంటారు.

అయితే ఆయనది మయన్మార్ పాస్‌పోర్టు. మన ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ఆయనకు వర్తించవు. చాలా ఆసుపత్రుల్లో విదేశీయులకు రేటు వేరే. బయల్దేరకముందే “విదేశీ పాస్‌పోర్టు ఉన్న రోగికి ఏ కేటగిరీ, రేడియేషన్‌కూ ఆపరేషన్‌కూ సుమారుగా ఎంత, మొదట ఎంత కట్టాలి” అని ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. నోటిమాట నమ్ముకుని విమానం ఎక్కినవాళ్ల అవస్థలు నాకు తెలుసు. టాటా మెమోరియల్ వాళ్లతో కలిసి పనిచేసే నవ్య అనే ఆన్‌లైన్ సేవ కూడా ఉంది. రిపోర్టులు పంపితే నిపుణుల సలహా వస్తుంది. అది చేతిలో ఉంటే రంగూన్ డాక్టరుతో మాట్లాడటం కూడా తేలికవుతుంది.

రిపోర్టు కాగితాల కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. బయాప్సీ ముక్కను మైనంలో పోతపోసి ఉంచుతారు. అగ్గిపెట్టెకన్నా చిన్న ప్లాస్టిక్ గూడు, అందులో తెల్లటి మైనపు దిమ్మె, మధ్యలో గోధుమరంగు చుక్కలా కండ, గూడు అంచున ల్యాబ్ నంబరు. దాన్నీ గాజు స్లైడ్లనూ ల్యాబ్ నుంచి సంతకం పెట్టి అడిగి తీసుకో. దిమ్మె ఉంటే ఇక్కడ మళ్లీ ముక్క తీయాల్సిన పని తప్పుతుంది. చేతిసంచిలోనే పెట్టుకోవాలి, ఎండలో ఉంచకూడదు, మైనం కరుగుతుంది. ఎంఆర్‌ఐ ఫిల్ము చాలదు, సీడీ అడుగు. అదే దిమ్మె మీద ఎంఎంఆర్ పరీక్ష చేయించమని డాక్టరును అడుగు. కొద్దిమంది గడ్డల్లో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే ఏర్పాటులో లోపం ఉంటుంది, ఆ పరీక్షలో అది తెలుస్తుంది. న్యూయార్కులో అలాంటి 12 మందికి దోస్టర్లిమాబ్ అనే ఇమ్యూన్ మందు ఇస్తే అందరిలోనూ గడ్డ కనబడకుండా పోయిందని 2022లో ప్రకటించారు. మందు చాలా ఖరీదు. టైలరు గారికి ఆ లోపం ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. ఉంటే మాత్రం ఆయన కొడుకులూ పేగు పరీక్ష చేయించుకోవాలి, అది వంశపారంపర్యం కావచ్చు.

వీసా దగ్గర తొందరపడకు. ఈ-మెడికల్ వీసా 60 రోజులకు ఇస్తారు. ఎడం కూడా కలుపుకుంటే ఈ వైద్యం 60 రోజుల్లో తెమలదు. అందుకని ఆసుపత్రి ఉత్తరం పట్టుకుని మర్చంట్ స్ట్రీట్‌లోని భారత ఎంబసీకే వెళ్లి మామూలు మెడికల్ వీసా అడుగు, వైద్యం ఎన్ని నెలలో ఆ ఉత్తరంలో రాయించు. తోడుకు ఇద్దరి దాకా ఇస్తారు. 2024లో నిర్బంధ సైనిక సేవ మొదలయ్యాక మీ దగ్గర కుర్రాళ్లు దేశం దాటడం ఎంత కష్టమో నీకే బాగా తెలుసు. తోడుగా చిన్నకొడుకు వస్తాడని లెక్క వేసుకోకండి, ఆయన భార్యో చెల్లెలో సిద్ధంగా ఉండాలి. పౌరసత్వం తేలక విదేశీయుల నమోదు కార్డు మీదే బతుకుతున్న మనవాళ్లెవరైనా ఇలా వస్తే, స్కానింగు చీటీ రాయించిన రోజే ప్రయాణ పత్రాల పని కూడా మొదలుపెట్టు. అది అన్నిటికన్నా నిదానంగా కదిలేది. అదే రోగి భారత పౌరుడై, చేతిలో చిల్లిగవ్వ లేకపోతే, ఆపదలో ఉన్న పౌరుల కోసం ఎంబసీలో సంక్షేమ నిధి ఒకటుంది, అర్జీ పెట్టించు.

డబ్బు గురించి ఒక్కటే. 2021 మొదట్లో డాలరుకు 1,300 చ్యాట్ల చిల్లర ఉండేది, 2024లో బజారు రేటు 4,000 దాటింది. ఖర్చును చ్యాట్లలో లెక్కకట్టి రాసుకుంటే నెల తిరిగేసరికి ఆ లెక్క పనికిరాదు. రూపాయల్లో రాసుకో. 5,000 డాలర్లకు మించి నోట్లు తెస్తే ఇండియాలో దిగగానే కస్టమ్స్ దగ్గర ప్రకటించి కాగితం తీసుకోవాలి, ఆ కాగితం పారేయకూడదు.

ఇక ఎవరూ మాట్లాడని విషయం. గడ్డ బాగా కిందికి ఉంటే మలద్వారం తీసేసి, పొట్ట మీద శాశ్వతంగా దారి పెట్టాల్సి రావచ్చు. కాస్త పైన ఉంటే కుట్టు మానేదాకా కొన్నాళ్లపాటు తాత్కాలికంగా పెడతారు. ఆ దారికి మలం పట్టే సంచీ అతికించుకోవాలి అనగానే మనవాళ్లు వైద్యం మానుకుని వెళ్లిపోతారు. నువ్వు ముందే, ఆయన భార్య కూడా ఉండగా, మామూలు గొంతుతో చెప్పు. ఆపరేషన్ ముందురోజు నర్సు వచ్చి పొట్ట మీద పెన్నుతో గుర్తు పెడుతుంది. ఆ రోజు టైలరు గారు ఆసుపత్రి పైజామాలో ఉండకూడదు, లుంగీ కట్టుకుని ఉండాలి. ముడి ఎక్కడ వేస్తారో చూపించాలి. నిలబడి, కూర్చుని, కుట్టుమిషను ముందు వంగి చూపించాలి. ముడి కిందో, పొట్ట మడతలోనో దారి పెడితే సంచీ అతుక్కోదు, కారుతుంది, చర్మం పుండవుతుంది, ఆయన మిషను దగ్గర కూర్చోలేరు. సంచీ అతికే బిళ్లకు రంధ్రం కత్తిరించేటప్పుడు పేగు చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లే ఖాళీ ఉండాలి. ఇంతకాలం గుడ్డ కత్తిరించిన చెయ్యి, ఆ పని ఆయనకు మనకన్నా బాగా వస్తుంది. వారానికి సంచీలు ఎన్ని కావాలో, రంగూన్‌లో ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడే విచారించు.

ఈలోగా మలం పూర్తిగా ఆగిపోయి పొట్ట ఉబ్బితే విమానం మాట ఎత్తకు. రంగూన్‌లోనే ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చు. గడ్డ జోలికి పోకుండా పైన దారి మళ్లించి ప్రాణం నిలబెడతారు, తర్వాత ప్రయాణం. సీటీలో కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో మచ్చలు కనబడితే కూడా ఆగి నాకు రాయి. కొన్ని మచ్చలు తీయదగ్గవి, అప్పుడు వైద్యం వరస మారుతుంది. తీయలేనివైతే, ఫ్లాటు అమ్మి ఎక్కడికో తీసుకెళ్లడం కన్నా ఇంటి దగ్గర కీమో, నొప్పికి మందు, తనవాళ్ల మధ్య ఉండటం ఆయనకు మేలు. అది చెప్పడానికి నీకు ధైర్యం చాలకపోతే నేను ఫోనులో చెబుతాను.

ఫ్లాటు బేరం మాత్రం ఎంఆర్‌ఐ వచ్చేదాకా ఆపమను. ఆదివారంలోగా బయాప్సీ రిపోర్టు, రక్తపరీక్షలు ఫోటో తీసి పంపు, వేలితో పరీక్ష చేసిన డాక్టరు గడ్డ ఎంత ఎత్తులో ఉందని రాశారో ఆ చీటీ కూడా. అగనంపూడికి పంపాల్సిన ఈమెయిలు నువ్వే రాయి, నేను సరిదిద్దుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య