సబ్బు ఆరేదాకా డబ్బెక్కడిది?

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో షెడ్డు డ్యూటీలు చేసుకుంటూ, ఊరికెళ్లాక ఇంట్లో సబ్బుల తయారీ పెట్టుకుందామనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నిజామాబాద్ అయినా, జగిత్యాల అయినా, గోదావరి జిల్లాలయినా లెక్క ఒకటే. ప్లాను కాగితం మీద పెట్టడానికి ఊరు చేరేదాకా ఆగొద్దు. జీతం వస్తున్నప్పుడే, క్యాంపు రూములో కూర్చుని రాయాలి.

ముందు ఒక మాట. సబ్బులు అక్కడే రూములో చేసి, పక్క క్యాంపుల్లోనో రోలాలోనో అమ్ముదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. లైసెన్సు లేని వ్యాపారం అక్కడ కుదరదు. షార్జాలో ఆ లైసెన్సులిచ్చేది ఎకనామిక్ డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్. వాట్సాప్‌లో అమ్మినా అది వ్యాపారమే. పైగా ఎనిమిది మంది పడుకునే గదిలో కాస్టిక్ సోడా కలపడం ప్రాణాలతో చెలగాటం. పెట్టుబడి షార్జాలో కూడబెట్టండి, సబ్బు ఊళ్లో ఇంటావిడ చేత చేయించండి.

పెట్టుబడి లెక్క ఓవర్‌టైమ్ మీద ఆధారపడి రాయొద్దు, అది ఒక నెల ఉంటుంది, ఇంకో నెల ఉండదు. నమ్మదగిన సొమ్ము గ్రాట్యుటీ. యూఏఈ చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండితే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజుల బేసిక్ వస్తుంది. బేసిక్ 1,000 దిర్హాములున్నవాళ్లకు ఐదేళ్లకు 3,500 దిర్హాములు. చేతికొచ్చే మొత్తం జీతం మీద లెక్కేసుకుని ఆశపడొద్దు, బేసిక్ ఎంతో కాంట్రాక్టులో చూసుకోండి.

ఇక అసలు సంగతి. కోల్డ్ ప్రాసెస్ సబ్బు అచ్చులోంచి తీసిన రోజే అమ్మకానికి రాదు. నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరాలి. ఆరితేనే గట్టిపడుతుంది, నీళ్లలో త్వరగా కరిగిపోదు. ఈ ఆరు వారాలే వ్యాపారాన్ని నిలబెడతాయి, లేదా ముంచుతాయి. పది కిలోల నూనెతో, ఆరాక 100 గ్రాముల సబ్బులు సుమారు 120 వస్తాయి. వారానికి ఒకసారి ఇంత పోస్తే, మొదటి సబ్బు అమ్మేనాటికి 720 సబ్బులు అల్మారాల్లో ఉంటాయి. ఒక్కోదానికి నూనె, సోడా, సువాసన, అట్టపెట్టె కలిపి 35 రూపాయలు అయ్యిందనుకుందాం. అంటే 25,200 రూపాయలు కదలకుండా కూర్చున్నట్టు. దుకాణదారు నెల అరువు పెడితే ఇంకో 480 సబ్బుల సొమ్ము, 16,800, అక్కడ ఇరుక్కుంటుంది. మొత్తం 42,000. ఇందులో గిన్నెల ఖర్చు లేదు, లైసెన్సు ఫీజు లేదు, ఇంటి ఖర్చు అసలే లేదు. లాభముండీ మూతపడే చిన్న వ్యాపారాలు ఇక్కడే తడబడతాయి. కాబట్టి ప్లానులో మొదటి పేజీ ఈ పట్టికే కావాలి: ఏ వారం ఎంత పోతుంది, ఏ వారం ఎంత తిరిగొస్తుంది.

అదే సబ్బు ఎమ్మార్పీ 80 అనుకోండి. దుకాణం 20 ఉంచుకుంటే మీకు 60. ఖర్చు పోను 25. వారానికి 120 సబ్బులూ అమ్ముడైతే 3,000. అందులోంచే ఇంటావిడ కూలి, కరెంటు, రవాణా, విరిగిన సబ్బులు. ఆమె కూలిని సున్నా వేయొద్దు. ఆమె శ్రమను లెక్కలోకి తీసుకోని ప్లాను అబద్ధపు ప్లాను. మీరు నెలనెలా పంపే సొమ్ము పక్కన ఈ అంకె పెట్టి చూడండి. ఎన్ని సబ్బులు అమ్మితే వీసా రద్దు చేసుకుని రావచ్చో అప్పుడు తెలుస్తుంది.

నూనె ధరకు రెండు వరసలు రాయండి, ఇవాళ్టి ధర ఒకటి, దానికి సగం కలిపిన ధర ఇంకొకటి. 2025లో కొబ్బరినూనె ఎంత పెరిగిందో ఇంట్లో అడిగితే చెబుతారు. ధర పెరిగిందని నూనె మారిస్తే సోడా కూడా మార్చాలి. కిలో కొబ్బరినూనెకు సుమారు 183 గ్రాముల సోడా పడితే, కిలో నువ్వులనూనెకు 135 లోపే. పాత కొలతే వేస్తే మిగిలిన సోడా చర్మాన్ని కాలుస్తుంది. కాబట్టి గ్రాముల తూకం, కళ్లద్దాలు, గ్లౌజులు, స్టీలు గిన్నెలు పెట్టుబడిలో రాయాల్సిందే. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. సోడానే నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు.

మన దేశంలో ఒంటి సబ్బు చేసి అమ్మడానికీ లైసెన్సు కావాలి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం ఇస్తుంది. తయారీ చూసుకునే మనిషికి ఫార్మసీ డిప్లొమా గానీ, కెమిస్ట్రీతో ఇంటర్ పాసు గానీ ఉండాలి. ఇంట్లో బైపీసీ, ఎంపీసీ చదివినవాళ్లుంటే వాళ్ల సర్టిఫికెట్ ఇప్పుడే వెతికించండి. వంటగదికి వేరుగా ఒక గది కూడా చూసుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ డబ్బివ్వకండి. అప్పు కావాలంటే ముద్ర పథకంలో శిశు కింద 50,000 దాకా ఇస్తారు. ఊళ్లో ఉండి నడిపేది ఇంటావిడే కాబట్టి దరఖాస్తు ఆమె పేరునే పెట్టించండి.

ఎవరికి అమ్ముతారన్నది చివర రాసే సంగతి కాదు. కిరాణా కొట్లో సంతూర్ పక్కన మన సబ్బు పెడితే ధరలో గెలవలేం. పెళ్లిళ్ల రిటర్న్ గిఫ్టులు, బ్యూటీ పార్లర్లు, మందుల షాపులు, సాధారణంగా జనవరి 1న మొదలయ్యే హైదరాబాద్ నుమాయిష్ లాంటి చోట్లు మనవి. నుమాయిష్‌కు సరుకు కావాలంటే నవంబరు మధ్యలోపే పోసి ఉండాలి.

ఈ వారం సెలవు రోజున ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్కటి అడగండి: 80 రూపాయలిచ్చి మన సబ్బు రెండోసారి కూడా కొనేవాళ్ల పేర్లు చెప్పమనండి. కనీసం ఇరవై పేర్లు రాకపోతే కాస్టిక్ సోడా కొనకండి.