అలమర లేని పుస్తకాలను వెతకడం ఎలా?

ప్రశ్న: రాయ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగిని. దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. చేశాను. హిందీ, తెలుగు సైన్స్ ఫిక్షన్‌ను పోల్చి పరిశోధన చేయాలని ఉంది. ఒక లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని ‘సైన్స్ ఫిక్షన్’ అని కొడితే నాలుగైదు ఇంగ్లీషు పుస్తకాలు తప్ప ఏమీ రాలేదు. నాకు చిక్కేది వారానికి ఒక్క రోజు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నాలుగైదే వచ్చాయని నిరాశపడకండి. పుస్తకాలు లేకపోవడం వేరు, ఆ పేరుతో లేకపోవడం వేరు. మన యూనివర్సిటీ లైబ్రరీల్లో సైన్స్ ఫిక్షన్‌కు విడిగా అలమర ఉండటం అరుదు. అవి మామూలు నవలల మధ్య, కథా సంపుటాల మధ్య, పాత పత్రికల బైండు పుస్తకాల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. అందుకే ముందు పేర్లు కూడబెట్టుకోవాలి, ఆ తర్వాతే కేటలాగు ముందు కూర్చోవాలి.

నంబర్లు, మాటలు

పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీలో సాహిత్యాన్ని భాషను బట్టి సర్దుతారు. హిందీ నవలలు, కథలు 891.433 దగ్గర, తెలుగువి 894.8273 దగ్గర ఉంటాయి. అమెరికన్ రచయితలవి 813లో, బ్రిటిష్ వారివి 823లో పెడతారు. పేరులో ‘విజ్ఞాన్’ అన్న మాట కనిపిస్తే ఒక్కోసారి కథల పుస్తకం కూడా 500ల్లోని సైన్సు పుస్తకాల మధ్యకు వెళ్లిపోతుంది. ఆ వరుసనూ ఒకసారి చూడండి.

హిందీలో ‘విజ్ఞాన్ కథా’, ‘వైజ్ఞానిక్ ఉపన్యాస్’, ‘విజ్ఞాన్ గల్ప్’ అని మూడు రకాలుగా వెతకండి. రోమన్ లిపిలో వెతికేటప్పుడు మరింత ఓపిక కావాలి. ‘విజ్ఞాన’ అన్న ఒక్క మాటలోనే ‘జ్ఞ’ను కొందరు జె-ఎన్ అక్షరాలతో, తెలుగువారు ఎక్కువగా జి-ఎన్‌తో, హిందీవారు జి-వైతో రాస్తారు. మూడూ కొట్టి చూడకపోతే ఉన్న పుస్తకమే లేదనిపిస్తుంది.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

మొదటి వేట శోధ్‌గంగలో. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ సైట్‌లో మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదవవచ్చు. హిందీ విజ్ఞాన కథల మీద వచ్చిన ఒక్క థీసిస్ తెరిచి, నేరుగా చివరి పుటల్లోని గ్రంథసూచికి వెళ్లండి. ఒక పరిశోధకుడు ఏళ్ల తరబడి కూడబెట్టిన జాబితా అక్కడ ఉంటుంది. మీకు సాధారణ నవలగా కనబడే పుస్తకాన్ని సైన్స్ ఫిక్షన్‌గా గుర్తించి పెట్టిన పని అది. తెలుగు వైపు యండమూరి ‘చీకట్లో సూర్యుడు’, వేమూరి వేంకటేశ్వరరావు ‘మహాయానం’ కథలు రాసుకుని అక్కడి నుంచి కొమ్మలు పెంచుకోండి.

పేరు తెలిసినా చాలని సందర్భాలున్నాయి. జగదీశ్ చంద్ర బోస్ 1896లో బెంగాలీలో ‘నిరుద్దేశేర్ కాహిని’ రాశారు. తలనూనె కంపెనీ పెట్టిన కుంతలీన్ పోటీలో దానికి బహుమతి వచ్చింది. అప్పుడు రచయిత పేరు లేకుండానే అచ్చయింది. 1921లో ‘అవ్యక్త’ సంపుటిలో చేరేసరికి అది ‘పలాతక్ తుఫాన్’ అయింది. జయంత్ నార్లీకర్ 1974లో మరాఠీ విజ్ఞాన్ పరిషత్ కథల పోటీకి తన పొడి అక్షరాలను తిరగేసి నారాయణ్ వినాయక్ జగ్‌తాప్ అన్న పేరుతో ‘కృష్ణ వివర్’ పంపారు. కాబట్టి మీ నోట్‌బుక్‌లో ప్రతి రచనకూ నాలుగు గడులు గీయండి: మొదటి పేరు, తర్వాతి పేరు, కలం పేరు, మొదట అచ్చయిన చోటు.

పత్రికల సంపుటాలు

నాలుగో గడే ఎక్కువ శ్రమ పెడుతుంది, ఎక్కువ ఫలమూ ఇస్తుంది. కేటలాగులో పత్రిక పేరు, సంపుటి సంఖ్య ఉంటాయే తప్ప లోపలి కథల పేర్లుండవు. హిందీలో తొలి విజ్ఞాన కథల్లో ఒకటిగా చెప్పే కేశవ్ ప్రసాద్ సింగ్ ‘చంద్రలోక్ కీ యాత్రా’ 1900లో అలహాబాదు ‘సరస్వతి’లో వచ్చింది. ఆ పత్రికకు తర్వాతి కాలంలో సంపాదకత్వం వహించిన పదుమ్‌లాల్ పున్నాలాల్ బక్షీ మీ ఛత్తీస్‌గఢ్‌లోని ఖైరాగఢ్‌వారే. ఇలాంటి సంపుటాలు దొరికితే ముందు సంవత్సర విషయసూచిక తిప్పండి. అది లేకపోతే నెలనెలా మొదటి పుట చూడండి. తెలుగు పత్రికలకు 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పెద్ద దిక్కు. ఊరికి వెళ్లినప్పుడు ఒక రోజు దానికి కేటాయించండి.

రాయ్‌పూర్‌లో

1964లో ఏర్పడిన పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం జి.ఈ. రోడ్డులో ఉంది. దాని గ్రంథాలయానికి పండిట్ సుందర్‌లాల్ శర్మ పేరు పెట్టారు. బయటి పాఠకులకు ఏ ఏ కాగితాలు కావాలో, శనివారం ఏ వేళల్లో తెరుస్తారో ముందుగా కనుక్కుని వెళ్లండి. ఆఫీసు గుర్తింపు కార్డు, మీ అంశం చెప్పే ఒక పుట పరిచయ లేఖ వెంట ఉంచుకోండి. ‘సైన్స్ ఫిక్షన్ ఉందా?’ అని అడిగితే లైబ్రేరియన్‌కు సాయం చేసే దారి ఉండదు. ‘ఫలానా పత్రిక 1900 నుంచి 1920 దాకా బైండు సంపుటాలు ఉన్నాయా?’ అని అడిగితే ఉంటుంది. పుస్తకం అక్కడ లేకపోతే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఉమ్మడి కేటలాగు ఇండ్‌క్యాట్‌లో ఏ విశ్వవిద్యాలయంలో ఉందో చూసి, గ్రంథాలయాల మధ్య అరువు (ఇంటర్‌లైబ్రరీ లోన్) గురించి అడగండి.

విదేశీ భాండాగారాలు

పోలికలో ఇంగ్లీషు మూలాలూ చూడాల్సి వస్తే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లోని ఈటన్ సేకరణ, ఇంగ్లండులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం దగ్గరున్న సైన్స్ ఫిక్షన్ ఫౌండేషన్ సేకరణ ఈ రంగంలో చాలా పెద్దవి. అక్కడ రచయితల ఉత్తరాలు, చిత్తుప్రతులు పెట్టెల్లో భద్రపరుస్తారు. ఏ పెట్టెలో ఏ ఫోల్డరు ఉందో చెప్పే వివరణ పట్టికలను ఇంటి నుంచే చదువుకోవచ్చు. కావలసిన పెట్టె, ఫోల్డరు నంబర్లు రాసి మర్యాదగా ఈమెయిల్ పంపండి. ‘మీ దగ్గరున్నదంతా పంపండి’ అనకండి. స్కాన్లకు రుసుము ఉంటుందా అని అదే ఉత్తరంలో అడగండి.

ఉద్యోగం మాట

యూజీసీ 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి వీలు కల్పించాయి. పరిశోధనకు తగిన సమయం ఇస్తామని మీ కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. ప్రవేశ ప్రకటన వచ్చాక పరుగెత్తకుండా, ఆ పత్రానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. దొరికిన కథను అనువదించి అచ్చు వేయాలనుకుంటే హక్కులు చూసుకోండి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. 1946లో పోయిన హెచ్.జి. వెల్స్‌కు ఆ గడువు తీరింది, 1992లో పోయిన అసిమోవ్‌కు తీరలేదు.

మీ సమయాన్ని ఇలా పంచుకోండి. వారం మధ్య రాత్రుల్లో అరగంట చొప్పున ఇంట్లోనే పేర్లు పోగెయ్యండి. శనివారం పూర్తిగా లైబ్రరీకి వదలండి. ఆ రోజు చదవడం పెట్టుకోవద్దు, చూసి రాసుకుని ఫొటో తీసుకుంటే చాలు. ఫొటోకు ముందు అనుమతి అడగండి, పత్రిక పేరు, నెల, ఏడాది, పుట సంఖ్య కనిపించేలా తియ్యండి. చదువు తర్వాతి రాత్రుల్లో ఇంట్లో.

ఇంకొక్క అలవాటు చేసుకోండి. దొరకనిదీ రాసిపెట్టండి: ఏ మాటతో, ఏ కేటలాగులో, ఏ తేదీన వెతికారో. ఆరు నెలలకు ఆ పుటలే మీ పరిశోధనలో మొదటి అధ్యాయం అవుతాయి. మన భాషల్లో ఈ సాహిత్యం ఎక్కడెక్కడ, ఏ పేర్ల వెనక దాగి ఉందో చెప్పే అధ్యాయం అది. మీ తర్వాత ఆ కంప్యూటర్ ముందు కూర్చుని అదే మాట కొట్టి నిరాశపడే మనిషికి అది దారి చూపుతుంది.