చెర్రీ: చిన్న గని ఊరు, పెద్ద చట్టాలు

పోటీ పరీక్షల ప్రత్యేకం

ఉనికి: అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఇల్లినాయ్ రాష్ట్రం, బ్యూరో కౌంటీ. రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్. షికాగో కాదు (తరచూ తడబడే అంశం).

గని: బొగ్గు. ప్రారంభం 1905. యజమాని సెయింట్ పాల్ కోల్ కంపెనీ. బొగ్గు రైల్వే ఇంజన్లకు వెళ్లేది.

ప్రమాదం: 1909 నవంబరు 13. మృతులు 259, వీరిలో బాలురూ ఉన్నారు.

కారణం: విద్యుత్ వ్యవస్థ చెడిపోవడంతో కిరోసిన్ దీపాలు వాడారు. గనిలోని కంచర గాడిదల కోసం తెచ్చిన ఎండుగడ్డి బండికి నిప్పంటుకుంది.

సాహసం: 12 మంది రక్షకులు పదే పదే లోపలికి దిగి కార్మికులను పైకి తెచ్చారు, చివరి ప్రయత్నంలో 12 మందీ మరణించారు. గోడ కట్టుకుని పొగను ఆపిన 21 మంది నవంబరు 20న బయటపడ్డారు.

ఫలితాలు:
1910: అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్ ఏర్పాటు (1907 నాటి మోనంగా వంటి వరుస గని ప్రమాదాల నేపథ్యంలో).
1911: ఇల్లినాయ్ కార్మిక పరిహార చట్టం.

మృతుల క్రమం (అమెరికా బొగ్గు గనులు): మోనంగా (1907) 362, డాసన్ (1913) 263, చెర్రీ 259.

భారత్‌తో పోలిక: రాజ్యాంగంలోని ఆర్టికల్ 24 ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను గనుల్లో నియమించరాదు. కార్మిక పరిహార చట్టం 1923. గనుల చట్టం 1952.

తప్పక గుర్తుంచుకోండి: 1909, 259, 1911. జతపరచడం, కాలక్రమం ప్రశ్నలకు అనువైనవి. ఈ రక్షణ చట్టాల వెనుక ప్రాణాలున్నాయన్నది మరవకండి.