స్కానర్ కొనబోయే అబ్బాయికి

కొలంబస్, ఒహాయో

చిరంజీవి చిన్నాకు,


నువ్వు పంపిన మూడు రేడియో స్కానర్ల ఫోటోలు చూశాను. ఏది కొనమంటావని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. పెట్టె సంగతి తరువాతరా. ముందు నీకు ఏం వినాలనుందో తేల్చుకో.

పదిహేనేళ్ల కిందట నేను చేసిన తెలివితక్కువ పని చెబుతా. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక గరాజ్ సేల్‌లో స్కానర్ చవగ్గా దొరికింది. ఫైరింజన్ల వాళ్ల మాటలు వినొచ్చని సంబరంగా తెచ్చి, అర్ధరాత్రి దాకా మీటలు నొక్కుతూ కూర్చున్నాను. వీధి చివర సైరన్ మోగుతూనే ఉంది, నా పెట్టె మాత్రం నోరు విప్పలేదు. "మూగనోము పట్టిందేమో, పొద్దున్నే మాట్లాడుతుందిలే, పడుకోండి" అంది మీ పిన్ని. తరువాత తెలిసింది, మా కౌంటీ వాళ్లు డిజిటల్‌కు మారిపోయి చాలాకాలమైందని. నాది పాత అనలాగ్ సెట్టు. తప్పు పెట్టెది కాదు, అడక్కుండా కొన్న నాది.

అమెరికాలో ఇప్పుడు చాలాచోట్ల పోలీసు, ఫైరు మాటలు పీ25 అనే డిజిటల్ పద్ధతిలో, 700, 800 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయి. దానికి తోడు ట్రంకింగ్ ఒకటి. బ్యాంకులో అందరూ ఒకే వరుసలో నిలబడితే, ఏ కౌంటరు ఖాళీ అయితే అక్కడికి పంపుతారు చూడు, అలాంటిదే. కంప్యూటర్ మాటమాటకూ ఫ్రీక్వెన్సీ మార్చేస్తుంటే, స్కానర్ దాని వెంట పరిగెత్తాలి. ఒకే మాటను నాలుగైదు టవర్లు ఒకేసారి పంపే ఊళ్లలో ఆ సిగ్నళ్లు రవ్వంత ముందూ వెనకగా అంది మాట ముక్కలవుతుంది. ఆ తలనొప్పిని తట్టుకునే చేతి స్కానర్ యూనిడెన్ ఎస్‌డీఎస్100. ధర ఆరు వందల డాలర్లకు పైమాటే. అంత పోసినా ఎన్‌క్రిప్ట్ చేసిన మాట ఒక్కటీ వినపడదు. కాబట్టి మీ కౌంటీలో ఏది బాహాటంగా ఉందో, ఏది మూసేశారో కనుక్కోకుండా జేబులో చెయ్యి పెట్టకు.

అయినా నీకు చిన్నప్పటినుంచీ విమానాల పిచ్చి. ఉంటున్నది విచిటాలో, సెస్నాలూ బీచ్‌క్రాఫ్ట్‌లూ తయారైన ఊళ్లో. పైలట్లు ఇంకా పాతకాలపు ఏఎంలోనే, 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడతారు. దానికో కారణముంది. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతు రెండోదాన్ని మింగేస్తుంది. ఏఎంలో అయితే కీచుమని గోల వినిపించి, ఇంకెవరో పిలుస్తున్నారని కంట్రోల్ టవర్‌కు తెలుస్తుంది. రైళ్ల మాటలు 160, 161 దగ్గర ఉంటాయి. వాతావరణ రేడియో 162.400 నుంచి 162.550 వరకు ఏడు చానళ్లలో వస్తుంది. వీటన్నిటికీ యూనిడెన్ బీసీ125ఏటీ చాలు. ఐదొందల చానళ్లు, రెండు ఏఏ బ్యాటరీలు. 512 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, 800 అందదు. అది తెలిసి కొంటే దిగులుండదు.

ఇక యాంటెన్నా. పెట్టెతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా కందిపప్పునూ శనగలనూ ఒకే కుక్కర్లో వేసి మూడు కూతలకు దించినట్టే. ఏదీ సరిగ్గా ఉడకదు. ఒక లెక్క గుర్తుపెట్టుకో. 75ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే పావు తరంగం పొడవు మీటర్లలో వస్తుంది, యాంటెన్నా అంత ఉండాలి. విమానాలకు 125 అనుకుంటే 60 సెంటీమీటర్లు, రైళ్లకు 47, 850కి తొమ్మిది. పొడుగుంటే మేలనుకునేవాళ్లు 800 దగ్గర బోర్లా పడేది ఇందుకే. లాగితే సాగే టెలిస్కోపిక్ యాంటెన్నా ఒకటి కొనుక్కో, బీఎన్‌సీ మూతి ఉన్నది. నా యాంటెన్నా మీద టేపుతో కొలిచి, మీ పిన్ని నెయిల్ పాలిష్‌తో రెండు ఎర్ర చుక్కలు పెట్టాను. పై చుక్క విమానాలకు, కింది చుక్క రైళ్లకు.

బేస్‌మెంట్‌లో ఎంత మంచి యాంటెన్నా అయినా దండగే. మేడమీద కిటికీ దగ్గర నిలబెట్టు. బయట పెట్టి తీగ లాగుతానంటావా, సన్నటి ఆర్‌జీ58 కొనకు. 800 దగ్గర ఇరవై అడుగుల్లోనే సగం సిగ్నల్ హరించుకుపోతుంది. లావుపాటి ఎల్ఎంఆర్400 తీసుకో.

చట్టం సంగతి. సెల్‌ఫోన్ మాటలు వినటం నేరం. కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానర్ పెట్టుకోవటం మీద ఆంక్షలున్నాయి, రాష్ట్రం దాటేముందు చూసుకో. విన్న మాట ఊరంతా చాటకు. సంక్రాంతికి ఇంటికెళ్తూ సూట్‌కేసులో అసలు పెట్టకు. మన దేశంలో వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవాలంటే అనుమతి కావాలని 1933 నుంచీ చట్టముంది.

చివరిమాట. వసంతం వస్తే మీ కాన్సస్‌లో టోర్నడోల కాలం. స్కానర్ సరదాకి. నిద్రలో ఉన్నా లేపటానికి మీ కౌంటీ కోడ్ పెట్టుకునే వెదర్ రేడియో వేరే ఉంటుంది. స్కానర్ కంటే ముందు అది కొని మంచం పక్కన పెట్టుకో.

మిగిలిన డబ్బుతో చిన్న స్కానర్, సాగే యాంటెన్నా. ఆర్నెల్లు విను. అప్పటికీ ఆ ఆరు వందల డాలర్లది కావాలనిపిస్తే, సగం నేనిస్తాను.

ఇట్లు,
బాబాయి