తడిసిన ఫోను

2023 డిసెంబరు 4. మిచాంగ్ తుపాను రోజులు. నెల్లూరు జిల్లా అంతా వానలు. కొండాపురం మండలంలోనూ ముసురు పట్టింది.

ఆ మండలంలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అత్త, ఒక కోడలు. అత్త పొదుపు సంఘం లీడరు. ఆమెకు ఒక పెద్ద ఫోను ఉంది. తొమ్మిది వేలు పెట్టి కొన్నది. నెల నెలా కంతులు కట్టి అప్పు తీర్చింది. సంఘం మీటింగు కబురు ఆ ఫోనుకే వస్తుంది. బ్యాంకు మెసేజీ ఆ ఫోనుకే వస్తుంది.

అత్త చిన్నకొడుకు చెన్నైలో ఉన్నాడు. బేల్దారి పనికి పోయాడు. ఆ రోజు చెన్నైలో వీధులన్నీ నీళ్ళు. రాత్రి నుంచి కొడుకు ఫోను పలకడం లేదు. మేస్త్రీ నంబరు ఒకటే దిక్కు. అది అత్త ఫోనులో తప్ప ఇంకెక్కడా లేదు.

తెల్లవారింది. అత్త బర్రెకు నీళ్ళు పెట్టబోయింది. ఎప్పుడు మోగుతుందో అని ఫోను రొంటిన దోపుకుంది. తొట్టి మీదికి వంగింది. బుడుంగుమని ఫోను తొట్టిలో పడింది.

అత్త గబుక్కున తీసింది. ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది.

"అమ్మాయ్! ఫోను తడిసింది. మేస్త్రీకి ఒక్కసారి చేసి చూస్తా," అంది.

కోడలు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"చెయ్యబాక అత్తా! ముందు ఆపెయ్. ఇప్పుడు నొక్కితే ఫోనూ పోద్ది, నంబరూ పోద్ది."

"వాడు ఎట్టా ఉండాడో తెలియకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు."

"ఆపితేనే తెలుస్తది అత్తా. నా మాట విను."

అత్త మనసు ఒప్పుకోలేదు. అయినా ఫోను కోడలి చేతిలో పెట్టింది. కోడలు పక్క మీట నొక్కి పట్టుకుంది. ఫోను ఆగిపోయింది.

కోడలికి ఎట్లా తెలుసు?

అంతకు ముందు ఏడు కోడలి ఫోను వానలో తడిసింది. అందరూ చెప్పారని బియ్యం డబ్బాలో పెట్టింది. రెండో రోజు ఫోను వెలిగింది. బియ్యమే బాగుచేసిందని కోడలు సంబరపడింది. పదో రోజు ఫోను చచ్చిపోయింది. మళ్ళీ లేవలేదు.

రిపేరు షాపు అబ్బాయి ఆ ఫోను విప్పి చూపించాడు. లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. "బియ్యంలో ఉన్నన్నాళ్ళూ లోపల ఇది పెరుగుతానే ఉందక్కా," అన్నాడు. ఆ మాట కోడలు మరిచిపోలేదు.

నీళ్ళు ఫోనును ఏం చేస్తాయి?

ఫోను లోపల ఒక పలక ఉంటుంది. దాన్ని బోర్డు అంటారు. బోర్డు మీద వెంట్రుక కన్నా సన్నని రాగి దారులు ఉంటాయి. కరెంటు ఆ దారుల్లోనే నడవాలి. నీళ్ళు పడితే ఒక దారిలో కరెంటు ఇంకో దారిలోకి పోతుంది. గట్టు తెగితే ఒక మడి నీళ్ళు ఇంకో మడిలోకి పోయినట్టు. అప్పుడు బోర్డు కాలిపోవచ్చు.

ఇంకో నష్టం ఉంది. అది నిదానంగా జరుగుతుంది. రాగి చెంబుకు చిలుము పట్టడం అందరం చూశాం. చెంబుకయితే చింతపండు పెట్టి తోముతాం. ఫోను లోపలి రాగిని ఎవరు తోముతారు? తడీ కరెంటూ కలిస్తే చిలుము చాలా తొందరగా పడుతుంది.

అందుకే ముందు కరెంటు ఆపాలి. పాత ఫోన్లకు వెనక మూత తీసి బ్యాటరీ తీసేవాళ్ళం. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ లోపలే అతికించి ఉంటుంది. మన చేతికి రాదు. కాబట్టి ఫోను ఆపడమే మన చేతిలో ఉన్న పని.

ఏ నీళ్ళలో పడిందో కూడా చూడాలి. మన మెట్ట ఊళ్ళలో బోరు నీళ్ళు కాచిన గిన్నె చూడండి. అడుగున తెల్లటి పొర ఉంటుంది. నీళ్ళు ఆవిరై పోయాయి. నీళ్ళలోని ఉప్పులు మిగిలాయి. ఫోను లోపల కూడా ఇంతే. నీళ్ళు ఆరినా ఉప్పులు మిగులుతాయి. గాలిలో చెమ్మ తగిలితే ఆ ఉప్పులు మళ్ళీ తడుస్తాయి. మళ్ళీ చిలుము మొదలవుతుంది.

వాన నీళ్ళలో ఉప్పులు తక్కువ. బోరు నీళ్ళలో ఎక్కువ. సముద్రం నీళ్ళు, కుడితి, టీ, సబ్బు నీళ్ళు ఇంకా చెడ్డవి. వాటిలో పడితే ఫోను ఆపి, ఆరేదాకా చూడకుండా అదే రోజు షాపుకు తీసుకుపోవడం మంచిది.

సిమ్ము తీశారు

కోడలు ఫోనును పాత నూలు గుడ్డతో తుడిచింది. ఛార్జింగు రంధ్రం కిందికి పెట్టి అరచేతి మీద మెల్లగా తట్టింది. నాలుగు చుక్కలు రాలాయి. అత్త నోటితో ఊదబోయింది.

"ఊదబాక అత్తా. బయటి నీళ్ళు లోపలికి పోతాయి," అంది కోడలు.

ఫోను పెట్టెలో వచ్చిన సన్నని పిన్నుతో సిమ్ము అర తీసింది. పక్కన ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. అది మాట వినే మైకుది. అందులో పిన్ను గుచ్చకూడదు.

సిమ్ము తుడిచి ఆరబెట్టింది. కోడలి కొత్త ఫోనులో రెండో సిమ్ముకు చోటు ఉంది. అందులో పెట్టింది.

"ఇప్పుడు నీ నంబరు నా ఫోనులో మోగుద్ది. మరిది ఎవరి ఫోను నుంచి చేసినా మనకు తెలుస్తది," అంది.

ఫోను తడిసినా సిమ్ము మామూలుగా చెడిపోదు. సిమ్ము వేరే ఫోనులో పెడితే మన నంబరు పనిచేస్తుంది. బ్యాంకు మెసేజీలు కూడా దానికే వస్తాయి.

బియ్యం డబ్బా

ఇంతలో పక్కింటామె వచ్చింది.

"వదినా, బియ్యంలో పెట్టరాదా? తేమంతా పీల్చేస్తది."

తడి చీర ఎట్లా ఆరుతుంది? దండెం మీద వేస్తే ఆరుతుంది. గాలి ఆడుతుంది కాబట్టి ఆరుతుంది. అదే చీరను మడిచి పెట్టెలో పెట్టి మూత వేస్తే ఆరుతుందా? ముక్క వాసన వస్తుంది. తడి ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత వెయ్యడం అలాంటిదే.

గింజ తన చుట్టూ ఉన్న గాలిలోని చెమ్మను కొంచెం పీలుస్తుంది. ఫోను లోపలికి పోయి నీళ్ళు పీల్చలేదు. పైగా బియ్యంలో తవుడు, పిండి ఉంటాయి. అవి ఛార్జింగు రంధ్రంలోకి పోతాయి. తడి తగిలి గంజిలా అతుక్కుంటాయి. నెల్లూరు మొలగొలుకులైనా సరే, ఫోనుకు మందు కాదు. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టవద్దని యాపిల్ ఫోను కంపెనీ కూడా చెప్పింది. 2024లో ఆ సంగతి పత్రికల్లో వచ్చింది.

మరి బియ్యంలో పెడితే కొందరి ఫోన్లు ఎట్లా బాగయ్యాయి? ఆ రెండు రోజులూ వాళ్ళు ఫోనును ముట్టుకోలేదు. ఛార్జింగు పెట్టలేదు. మేలు చేసింది అది. పేరు మాత్రం బియ్యానికి వచ్చింది.

పొయ్యి దగ్గర వద్దు, ఎండలో వద్దు

"పోనీ, పొయ్యి గట్టు మీద పెడదామా?" అంది అత్త.

అదీ వద్దు. బ్యాటరీకి వేడి పడదు. ఎక్కువ వేడి తగిలితే ఉబ్బుతుంది, మండిపోవచ్చు కూడా. మండే ఎండలో పెట్టినా ముప్పే. జుట్టు ఆరబెట్టే వేడి గాలి మిషను కూడా వద్దు.

కోడలు నీడలో, వసారాలో, పీట మీద ఫోనును పెట్టింది. ఛార్జింగు రంధ్రం కిందికి ఉండేలా గోడకు ఆనించింది. జల్లు పడకుండా చూసింది.

ఫోను మోగింది

మధ్యాహ్నం కోడలి ఫోను మోగింది. కొత్త నంబరు. అత్త లాక్కుని చెవిన పెట్టుకుంది.

"అమ్మా, నేనే. కింద గదిలోకి నీళ్ళు వచ్చినాయి. అందరం మేడ మీద ఉండాం. అన్నం పెట్టారు. భయపడబాక."

అత్త చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తిన్నావా?" అని మళ్ళీ అడిగింది.

కరెంటు వచ్చింది

సాయంత్రం కరెంటు వచ్చింది. అత్త అలవాటు కొద్దీ ఛార్జరు అందుకుంది. కోడలు మళ్ళీ అడ్డుపడింది. తడి ఫోనుకు ఛార్జింగు పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కొన్ని ఫోన్లు తామే నీటిబొట్టు గుర్తు చూపిస్తాయి. ఆ గుర్తు కనిపిస్తే వైరు తీసెయ్యాలి.

ఫోనును ఫ్యాను గాలికి పెట్టారు. తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. ముసురు రోజుల్లో బట్టలు ఆలస్యంగా ఆరతాయి. ఫోనూ అంతే. అందుకని రెండు రోజులు ఆగారు.

డబ్బులు పోతాయా?

ఆ రాత్రి అత్తకు ఇంకో దిగులు పట్టుకుంది.

"ఫోను లేవకపోతే అందులో డబ్బులు పోతాయా, అమ్మాయ్?"

పోవు. డబ్బు ఫోనులో ఉండదు. బ్యాంకులో మన ఖాతాలో ఉంటుంది. ఫోను ఒక తాళంచెవి మాత్రమే. తాళంచెవి పోతే ఇల్లు పోదు. పాసుబుక్కు తీసుకుని బ్యాంకుకు పోతే డబ్బు తీసుకోవచ్చు. సిమ్ము చెడిపోతే కంపెనీ దుకాణంలో ఆధారు చూపించి అదే నంబరుతో కొత్త సిమ్ము తీసుకోవచ్చు.

షాపు అబ్బాయి మాట

6వ తేదీ పొద్దున ఫోను వెలిగించారు. వెలిగింది! కాని మాట బొంగురుగా వస్తోంది.

"పనిచేస్తా ఉంది కదా, చాల్లే," అంది అత్త.

"నాదీ రెండో రోజు వెలిగింది అత్తా. పదో రోజు పోయింది," అంది కోడలు.

మళ్ళీ ఆపేశారు. వాన తెరిపి ఇచ్చాక కావలి బస్సు ఎక్కారు. షాపు అబ్బాయి ఫోను విప్పాడు. బోర్డు ఒక మూల మినపగింజంత చిలుము ఉంది. ఒక రకం స్పిరిటుతో, మెత్తటి బ్రష్షుతో తుడిచాడు. నాలుగు వందలు తీసుకున్నాడు.

"తొందరగా తెచ్చారు పెద్దమ్మా. ఆలస్యమైతే బోర్డు పోయేది," అన్నాడు.

షాపులో ఇచ్చేముందు కోడలు సిమ్ము తీసుకుంది. డబ్బులు పంపే పిన్ను నంబరు చెప్పలేదు. రిపేరుకు ఆ నంబరుతో పని లేదు. ఎవరు అడిగినా చెప్పకూడదు.

ఇంటికి వచ్చాక అత్త సంఘం నోటు పుస్తకం తీసింది. చివరి పేజీ తిప్పింది. ఫోను చూసి మేస్త్రీ నంబరు రాసుకుంది. పది అంకెలు. ఒక్కొక్కటీ చదువుకుంటూ రాసింది. దాని కింద కొడుకు నంబరు రాసింది. తర్వాత బ్యాంకు నంబరు, ఆశా కార్యకర్త నంబరు. పక్కన పేర్లు కూడా రాసింది. ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టెలో పెట్టింది.

ఫోను తడిస్తే ఏం చెయ్యాలి?

1. వెంటనే నీళ్ళలో నుంచి తీయాలి. ఛార్జింగులో ఉండి తడిస్తే ముందు గోడ మీద స్విచ్చి ఆపాలి. తడి చేత్తో ముట్టుకోకూడదు.
2. ఫోను ఆపాలి. పనిచేస్తుందా అని నొక్కి చూడకూడదు.
3. కవరు, సిమ్ము తీయాలి. పొడి గుడ్డతో తుడవాలి.
4. రంధ్రం కిందికి పెట్టి మెల్లగా తట్టాలి. ఊదకూడదు. గట్టిగా విదిలించకూడదు.
5. నీడలో, గాలి ఆడే చోట పెట్టాలి. ఫ్యాను గాలి మంచిది.
6. ఒకటి రెండు రోజులు ఆగాలి. ముసురులో ఇంకా ఆగాలి. అంతవరకు ఛార్జింగు వద్దు.
7. వెలిగినా ఒకసారి షాపులో విప్పించి చూపించడం మంచిది.
8. ఫోను ఉబ్బినా, కాలినా, వాసన వచ్చినా దాన్ని మంచం దగ్గర, పిల్లల దగ్గర ఉంచకూడదు.

కొన్ని ఫోన్ల పెట్టె మీద "ఐపీ 67" అని ఉంటుంది. మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట ఉంచి పరీక్ష చేశారని దాని అర్థం. కింద పడి అంచు చిట్లిన ఫోనుకు ఆ మాట చెల్లదు. చాలా కంపెనీలు నీళ్ళలో పడిన ఫోనుకు గ్యారంటీ ఇవ్వవు.

మాట్లాడుకోండి

అత్త తడి ఫోనుతోనే మేస్త్రీకి చేసి ఉంటే ఏం జరిగేది?
బియ్యంలో పెట్టిన ఫోను పదో రోజు ఎందుకు పోయింది?
మీ ఊళ్ళో ఎవరి ఫోను తడిసింది? వాళ్ళు ఏం చేశారు?

లెక్క చెయ్యండి

కొత్త ఫోను 9,000 రూపాయలు. రిపేరు 400 రూపాయలు. ఇద్దరికీ బస్సు ఛార్జీలు 200 రూపాయలు అనుకోండి. అత్తకు ఎంత డబ్బు మిగిలింది?

రాయండి

మీకు అవసరమైన అయిదు ఫోను నంబర్లు మీ నోటు పుస్తకంలో రాయండి. పక్కన పేరు రాయండి. రాసిన తర్వాత ఇంకొకరి చేత చదివించి, అంకెలు సరిపోయాయో లేదో చూసుకోండి.