తూటా ఆగితే చాలదు!

క్రికెట్ బంతి తగిలి కిటికీ అద్దం భళ్ళున పగలడం మీరు చూసే ఉంటారు. మరి కొన్ని బ్యాంకు కౌంటర్లకు, కొన్ని కార్లకు తూటాను ఆపడానికి బిగించేది కూడా గాజే! ఇదెలా సాధ్యం?

నిజానికి అది ఒకే పలక కాదు. గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరలను పెట్టి వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. గట్టిదైన గాజు తూటా మొనను నలగగొట్టి, తాను పగులుతూ దాని శక్తిని కొంత హరిస్తుంది. సాగే గుణంగల ప్లాస్టిక్ పొర పగిలిన ముక్కలను పట్టి ఉంచుతుంది.

అది నిజంగా ఆపుతుందో లేదో ఎలా తెలుస్తుంది? కాల్చి చూడవలసిందే! ఇందుకు ఐరోపా దేశాలలో ఇ.ఎన్. 1063 అనే ప్రమాణం ఉంది. 500 మిల్లీమీటర్ల చదరపు నమూనాను చట్రంలో బిగిస్తారు. చాలా తరగతుల పరీక్షల్లో 120 మిల్లీమీటర్ల భుజాలుగల త్రిభుజం మూడు మూలల్లోనూ ఒక్కొక్క తూటా కాలుస్తారు. మూడెందుకు? ఒక దెబ్బకు పగిలిన గాజు తరువాతి దెబ్బలకు ఓర్చుకుంటుందో లేదో తేలాలి కదా!

తూటా వేగాన్ని కూడా కొలవాలి. దాని దారిలో 2 మీటర్ల ఎడంతో రెండు కాంతి తెరలు ఉన్నాయనుకోండి. మొదటి తెర నుండి రెండవ తెరకు 0.005 సెకను పడితే, వేగం సెకనుకు 400 మీటర్లు.

వేగం అంత ముఖ్యమా? గతిశక్తి సూత్రం గుర్తుకు తెచ్చుకోండి: ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణించాలి. 8 గ్రాముల పిస్తోలు తూటా 400 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 640 జౌళ్ళు. 50 కిలోల బియ్యం బస్తా 1.3 మీటర్ల ఎత్తు నుండి పడితే దాదాపు ఇంతే శక్తి! 9.5 గ్రాముల రైఫిల్ తూటా 830 మీటర్ల వేగంతో వస్తే సుమారు 3,270 జౌళ్ళు. బరువు పెరిగింది కొద్దిగానే. శక్తి మాత్రం అయిదు రెట్లు దాటింది. కనుక పిస్తోలు తూటాను ఆపిన గాజు రైఫిల్ తూటాను కూడా ఆపుతుందని నమ్మరాదు.

సరే, తూటా ఆగింది. గాజు గెలిచినట్లేనా? తొందరపడకండి! దెబ్బ అదురుకు వెనుక వైపునుండి సన్నని గాజు పెళుసులు ఎగరవచ్చు. అవి అవతలి మనిషి కంట్లో పడితే? అందుకే నమూనాకు 500 మిల్లీమీటర్ల వెనుక, మనిషికి బదులుగా, 0.02 మిల్లీమీటర్ల మందంగల అల్యూమినియం రేకును నిలబెడతారు. రేకుకు చిల్లు పడితే అది 'పెళుసులు ఎగిరే' గాజు. పడకపోతే 'ఎగరని' గాజు. పెళుసులను ఆపడానికి వెనుక పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ పలకను అతికించడం ఒక ఉపాయం.

కాబట్టి 'ఏ తూటా దూరని గాజు' అనే మాట సరికాదు. ఏ తూటా, ఎంత వేగం, ఎన్ని దెబ్బలు, రేకు ఏమైంది అన్నవి చెప్పినప్పుడే ఆ గాజు బలం తెలిసినట్లు.

మీకొక లెక్క: పై పిస్తోలు తూటా వేగం రెట్టింపైతే శక్తి ఎన్ని రెట్లవుతుంది? చేసి చూడండి.